ఊరు కొత్త, అక్షరం కొత్త

(చదువుల కేంద్రంలో జరిగిన మహిళల సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్ళారా, పెద్దమ్మలారా!

పొద్దుటి నుంచి పొలం పని చేసి వచ్చారు. ఇంటికి వెళ్ళి వంట చేసి, పిల్లలకు అన్నం పెట్టి, మళ్ళీ ఇక్కడికి వచ్చారు. ఇంత అలసటలో కూడా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. మీ ఓపికకు నా దండాలు.

ఇవాళ మీకు ఒక ఊరి సంగతి చెబుతాను. ఆ ఊరికి చదువు చెప్పడానికి వెళ్ళిన ఒక పంతులు సంగతి చెబుతాను. ఆ ఊరు మన దేశంలో లేదు. చైనాలో ఉంది. పేరు ఫూలింగ్.

"చైనా ఊరితో మనకేం పనమ్మా?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ పంతులు గొప్ప గొప్ప చదువులు చదివినవాడు. కానీ ఫూలింగ్‌లో కాలు పెట్టిన రోజున ఒక్క బోర్డు కూడా చదవలేకపోయాడు. పోయిన ఏడాది మనం ఎలా ఉన్నామో, ఆ రోజు అతనూ అలాగే ఉన్నాడు. అందుకే ఈ సంగతి మనకు కావాలి.

నది ఒడ్డున మెట్ల ఊరు

చైనా మనకు ఉత్తరాన ఉన్న పెద్ద దేశం. మన దేశానికీ, దానికీ మధ్య హిమాలయ పర్వతాలు ఉన్నాయి. చైనాలో యాంగ్జీ అనే నది ఉంది. దాని పొడవు సుమారు 6,300 కిలోమీటర్లు. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. నాలుగు గోదావరులను వరసగా పేర్చినా యాంగ్జీ అంత పొడవు రాదు. అంత పెద్ద నది అది.

ఈ యాంగ్జీలో వూ అనే ఇంకొక నది వచ్చి కలుస్తుంది. రెండు నదులూ కలిసే చోట, కొండ వాలు మీద ఫూలింగ్ ఉంది. మన దగ్గర వీధులు ఉన్నట్టు అక్కడ మెట్లు ఉంటాయి. బజారుకు పోవాలన్నా మెట్లే. రేవుకు దిగాలన్నా మెట్లే. అందుకే ఆ రోజుల్లో ఆ ఊళ్ళో సైకిళ్ళు కనిపించేవి కావు. మెట్ల మీద సైకిలు ఎలా తొక్కుతారు? బరువులన్నీ కూలీలే మోసేవారు. భుజం మీద వెదురు బద్ద, దానికి రెండు వైపులా మూటలు. మన కావడి లాగానే ఉంటుంది.

ఫూలింగ్ ఊరగాయకు పేరు పడింది. మనకు ఆవకాయ ఎలాగో వాళ్ళకు అది అలాగ. ఆవ జాతి మొక్క ఒకటి ఉంది. దాని కాండం లావుగా, బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. ఆ కాండాన్ని ఉప్పులో ఊరవేస్తారు. బరువు పెట్టి నీరంతా పిండేస్తారు. కారం, మసాలా దట్టించి జాడీల్లో నిలవ చేస్తారు. దాని పేరు జాత్సాయ్. చైనా దేశమంతా ఫూలింగ్ జాత్సాయ్ తింటారు.

ఇప్పుడు ఆ ఊరికి రైలు ఉంది. మంచి రోడ్లు ఉన్నాయి. 1996లో ఇవేవీ లేవు. ఎక్కడికి పోవాలన్నా నది మీద లాంచీలోనే పోవాలి.

ఎవరు ఆ పంతులు?

1996 ఆగస్టు నెలాఖరున ఇద్దరు అమెరికా యువకులు ఫూలింగ్ రేవులో లాంచీ దిగారు. వారిలో ఒకతని పేరు పీటర్ హెస్లర్. అప్పుడు అతని వయసు 27 ఏళ్ళు. అమెరికాలో ప్రిన్‌స్టన్‌లో చదివాడు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ప్రపంచంలో పేరు పొందిన విశ్వవిద్యాలయాలు ఇవి.

అతను ఇక్కడికి ఎందుకు వచ్చాడు? అమెరికాలో పీస్ కోర్ అనే సంస్థ ఉంది. పీస్ అంటే శాంతి. అక్కడి ప్రభుత్వం 1961లో దాన్ని పెట్టింది. అందులో చేరినవాళ్ళు రెండేళ్ళ పాటు వేరే దేశంలో పని చేయాలి. పెద్ద జీతం ఉండదు. తిండికీ, మామూలు ఖర్చులకూ సరిపడే డబ్బు ఇస్తారు. ఇలాంటి వాళ్ళను స్వచ్ఛంద కార్యకర్తలు అంటాం. మనకు ఇక్కడ అక్షరాలు నేర్పిన చెల్లెలు కూడా స్వచ్ఛంద కార్యకర్తే కదా!

పీస్ కోర్ వాళ్ళు 1993లో చైనాకు రావడం మొదలుపెట్టారు. ఎక్కువమంది చేసిన పని ఒక్కటే. కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పడం.

చైనా వాళ్ళకు ఇంగ్లీషు ఎందుకు అవసరమైంది? చాలా ఏళ్ళు ఆ దేశం బయటి దేశాలతో పెద్దగా రాకపోకలు లేకుండా ఉంది. 1978 తరవాత తలుపులు తెరిచింది. బయటి దేశాల వాళ్ళు వచ్చి ఫ్యాక్టరీలు పెట్టారు. సరుకు ఓడల మీద బయటికి పోసాగింది. బేరం చేయాలంటే భాష కావాలి కదా! బడుల్లో ఇంగ్లీషు పెట్టారు. పల్లె బడులకు ఇంగ్లీషు పంతుళ్ళు కావలసి వచ్చారు. అలాంటి పంతుళ్ళను తయారు చేసే కాలేజీ ఒకటి ఫూలింగ్‌లో ఉంది. హెస్లర్ చేరింది అందులోనే.

చదువుకున్నవాడికి చదువు రాలేదు

ఫూలింగ్‌లో దిగాక అతనికి కళ్ళు ఉన్నా చూపు లేనట్టు అయింది. కొట్టు మీద బోర్డు ఉంది. చదవలేడు. హోటల్లో గోడ మీద ఏమేం దొరుకుతాయో రాసి ఉంది. చదవలేడు. బస్సు మీద ఊరి పేరు ఉంది. చదవలేడు. చెవులు కూడా సరిగా పని చేయలేదు. చెంగ్‌దూ అనే నగరంలో అతనికి కొన్ని వారాలు చైనా భాష నేర్పారు. కానీ ఫూలింగ్ వాళ్ళ యాస వేరు. పుస్తకంలో భాష వేరు, బజారులో భాష వేరు.

మీకు ఇది తెలియని కష్టమా? బస్టాండులో నిలబడి, "ఇది ఏ ఊరు పోతుంది నాయనా?" అని ఎంతమందిని అడిగి ఉంటారు? బ్యాంకులో కాగితం చేతికిస్తే ఎవరి మొహం చూసి ఉంటారు? ఆ మొహమాటం, ఆ భయం ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడికీ తప్పలేదు.

దానికి తోడు, ఆ ఊళ్ళో చాలా దశాబ్దాలుగా అమెరికా వాళ్ళు ఎవరూ లేరు. అతను బజారులోకి వస్తే జనం పనులు ఆపి చూసేవారు. పిల్లలు, పెద్దలు "హలో! హలో!" అని వెనక నుంచి కేకలు వేసేవారు. కొందరు అభిమానంతో అరిచేవారు. కొందరు ఎగతాళికి అరిచేవారు. రోజూ ఇదే. ఎవరికైనా విసుగు పుడుతుంది.

ఇప్పుడు ఒక మాట ఆలోచించండి. అక్షరం రాకపోతే మనిషికి తెలివి లేనట్టా? అతనికి తెలివి లేదా? ఉంది. ఇంగ్లీషులో ఎన్నో పుస్తకాలు చదివిన తెలివి ఉంది. కాని ఆ ఊరి అక్షరం రాదు. అంతే. మనకూ అంతే. విత్తనం ఎప్పుడు వేయాలో మనకు తెలుసు. పొదుపు లెక్క నోటితోనే చెప్పగలం. కాన్పు కష్టమైతే ఏం చేయాలో తెలిసిన అవ్వలు మనలో ఉన్నారు. మనకు లేనిది అక్షరం ఒక్కటే. తెలివి ముందే ఉంది.

బొమ్మల్లాంటి అక్షరాలు

చైనా అక్షరాలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలి. మనకు 'అ' నుంచి 'ఱ' వరకు ఉన్న అక్షరాలు, వాటి గుణింతాలు, ఒత్తులు వస్తే చాలు. ఏ తెలుగు మాటైనా కూడబలుక్కుని చదవవచ్చు. వాళ్ళకు అలా కుదరదు. వాళ్ళ రాతలో ఒక్కొక్క గుర్తు ఒక మాటకో, మాటలో ఒక ముక్కకో నిలుస్తుంది. పత్రిక చదవాలంటే రెండు మూడు వేల గుర్తులు తెలియాలి.

కొన్ని గుర్తులు చూడముచ్చటగా ఉంటాయి. కొండ అని రాయడానికి మూడు నిలువు గీతలు, వాటి కింద ఒక అడ్డగీత. నడిమి గీత కాస్త పొడవు. మూడు శిఖరాలు అన్నమాట. నోరు అని రాయడానికి చిన్న నలుచదరపు డబ్బా. మనిషి అని రాయడానికి రెండు గీతలు. రెండు కాళ్ళు చాపి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ఆడమనిషి గుర్తు పక్కన బిడ్డ గుర్తు రాస్తే ఏమవుతుంది? 'మంచి' అవుతుంది. కాని అన్నీ ఇంత తేలిక కాదు. కొన్నిటికి ఇరవై గీతలు కూడా ఉంటాయి. ఒక గీత తప్పినా మాట మారిపోతుంది.

పలకడం ఇంకా కష్టం. 'మా' అనే మాట ఉంది. గొంతు ఒకే ఎత్తున ఉంచి పలికితే అమ్మ. గొంతు పైకి లేపితే జనపనార. కిందికి దించి పైకి లేపితే గుర్రం. గట్టిగా కిందికి దించితే తిట్టడం. గొంతు కాస్త తప్పితే అమ్మను పిలవబోయి గుర్రాన్ని పిలిచినట్టు అవుతుంది!

ఇన్ని తిప్పలున్న భాషను హెస్లర్ నేర్చుకోవాలి అనుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. అతని పని ఇంగ్లీషు చెప్పడం. ఇంగ్లీషు చెప్పి, రెండేళ్ళు గడిపి వెళ్ళిపోవచ్చు. కాని ఊరివాళ్ళతో మాట్లాడకుండా ఊళ్ళో ఎలా బతుకుతాడు? విద్యార్థి ఏ ఇంటి నుంచి వచ్చాడో తెలియకుండా చదువు ఎలా చెబుతాడు?

కాలేజీలో ఒక నినాదం పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. రోజూ దాని ముందు నుంచే నడిచేవాడు. మొదట్లో అది అతనికి వట్టి గీతల గుంపు. కొన్నాళ్ళకు అందులో ఒకటి రెండు అక్షరాలు తెలిశాయి. ఇంకొన్నాళ్ళకు మరికొన్ని. నడుమ ఖాళీలు మిగిలాయి. నెలలు గడిచాక ఆ ఖాళీలన్నీ నిండాయి. నినాదం మొత్తం చదవగలిగాడు.

అక్కా, నీకు గుర్తుందా? మన పంచాయతీ ఆఫీసు బోర్డులో నీకు మొదట 'పం' ఒక్కటే తెలిసింది. తరవాత 'తీ' తెలిసింది. ఒక రోజు మొత్తం చదివేశావు. ఆ రోజు నీ మొహం వెలిగిపోయింది. అతనికీ అలాగే జరిగింది.

'తప్పు' అనే మాట

హెస్లర్ చైనా భాష నేర్చుకోవడానికి ఇద్దరు టీచర్లను పెట్టుకున్నాడు. ఒకరు మగాయన. ఒకరు ఆడమనిషి. ఆ టీచరమ్మ చాలా కచ్చితమైన మనిషి. ఇతను నోరు తెరవగానే "బుదుయ్" అనేది. బుదుయ్ అంటే 'తప్పు'. మళ్ళీ చెబితే "బుదుయ్". ఇంకోసారి చెబితే మళ్ళీ "బుదుయ్".

అమెరికాలో పంతుళ్ళు ముందు కాస్త మెచ్చుకుంటారు. తరవాత మెల్లగా తప్పు చెబుతారు. ఇక్కడ మెచ్చుకోవడం లేదు. తప్పు అంటే తప్పు. అంతే. అతనికి కోపం వచ్చింది. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. అయినా పాఠం మానలేదు. ఎలాగైనా ఆమె నోటి వెంట 'సరి' అనిపించాలి అని పట్టుబట్టాడు. రాత్రుళ్ళు కూర్చుని అక్షరాలు దిద్దాడు. టీ కొట్లలో కూర్చుని జనంతో మాట్లాడాడు. కాలేజీ ఎదురుగా చిన్న నూడుల్స్ హోటలు ఉండేది. ఆ ఇంటివాళ్ళతో రోజూ కబుర్లు చెప్పాడు. ఊరే అతనికి బడి అయింది.

రెండో ఏడాదికి టీచరమ్మతో కలిసి వార్తాపత్రిక చదవసాగాడు. ఆమె కూడా మెత్తబడింది. ఇద్దరూ స్నేహంగా మాట్లాడుకునేవారు. ఊరివాళ్ళు అతన్ని హో వెయ్ అని చైనా పేరుతో పిలిచేవారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటి ఉంది. అతను ఒక పూట పంతులు. ఇంకొక పూట విద్యార్థి. ఒక పూట తను పిల్లల తప్పులు దిద్దుతాడు. ఇంకొక పూట తన తప్పులు ఇంకొకరు దిద్దుతారు. తప్పు అనిపించుకుంటే మనసు ఎలా ఉంటుందో అతనికి బాగా తెలిసింది. చదువు చెప్పేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలా కొత్త చదువు నేర్చుకోవాలి. అప్పుడు విద్యార్థి కష్టం తెలుస్తుంది.

మన కేంద్రాలకు వచ్చి మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది లేరు! "నలుగురిలో తప్పు చదివితే నవ్వుతారు" అని మానేసినవాళ్ళే చాలామంది. కార్యకర్తలకు నేను చెప్పేది ఒకటే. తప్పు చూపించండి. చూపించకపోతే చదువు రాదు. కాని నవ్వవద్దు. అక్కచెల్లెళ్ళకు చెప్పేది కూడా ఒకటే. తప్పు అనిపించుకున్నా బడి మానవద్దు. పెద్ద పెద్ద చదువులు చదివినవాడు రోజుకు ఎన్నిసార్లు తప్పు అనిపించుకున్నాడో గుర్తు చేసుకోండి.

పల్లె పిల్లలే పంతుళ్ళయ్యారు

హెస్లర్ దగ్గర చదివిన పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. తల్లిదండ్రులు సేద్యం చేసుకునేవాళ్ళు. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు అంతకు ముందు లేరు. ఈ పిల్లలు అతని కంటే ముందు విదేశీయులను దగ్గర నుంచి చూసింది తక్కువ. వాళ్ళు తమకు తామే ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళ మహాకవి షేక్‌స్పియర్ నాటకాలు చదివారు. తరగతిలోనే వేషాలు వేసి ఆడారు. మెట్ల ఊళ్ళో, నది ఒడ్డున, రైతు బిడ్డలు రాజకుమారుల వేషాలు కట్టారు.

చదువు అయ్యాక వీళ్ళలో చాలామంది పల్లె బడుల్లో ఇంగ్లీషు పంతుళ్ళయ్యారు. ఒక్కొక్కరు ఏటేటా ఎంతోమందికి చదువు చెప్పారు. లెక్క మీరే వేయండి. ఒక దీపంతో ఇంకొక దీపం వెలిగిస్తే మొదటి దీపం తగ్గదు. చదువు కూడా అంతే.

ఒక అమ్మాయి మాత్రం పంతులు ఉద్యోగం వద్దనుకుంది. దక్షిణాన ఉన్న షెన్‌జెన్ అనే నగరానికి వెళ్ళింది. 1980లో ప్రభుత్వం అక్కడ ఫ్యాక్టరీల కోసం ప్రత్యేక మండలం పెట్టింది. పల్లెలూ, చిన్న ఊళ్ళూ ఉన్న ఆ చోటు చూస్తుండగానే మహానగరం అయింది. దేశం నలుమూలల నుంచి ఆడపిల్లలు పని కోసం అక్కడికి వచ్చారు. ఈ అమ్మాయికి నగల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. బయటి దేశాలతో వ్యవహారం కాబట్టి ఆమె ఇంగ్లీషు పనికి వచ్చింది.

ఇంగ్లీషు వస్తే కష్టాలన్నీ తీరిపోతాయని నేను చెప్పడం లేదు. కొత్త నగరంలో ఆమెకు కష్టాలు తప్పలేదు. కాని తన దారి తను ఎంచుకోవడానికి ఆ భాష ఒక ఆసరా అయింది. చదువు మనకు ఇచ్చేది అదే. నడిచేది మన కాళ్ళే. చదువు చేతికర్ర.

చైనా పల్లెల్లో చదువుల బడులు

అక్కలారా! చైనాలో అందరూ ముందు నుంచీ చదువుకున్నవాళ్ళు అనుకోకండి. 1949లో అక్కడ ప్రతి ఐదుగురిలో నలుగురికి చదవడం రాదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. అప్పుడు అక్కడ పెద్ద ఎత్తున చదువుల ఉద్యమం నడిచింది. చలికాలంలో పొలం పని తక్కువ. ఆ నెలల్లో పల్లెల్లో పెద్దవాళ్ళకు బడులు నడిపారు. వాటిని చలికాలం బడులు అనేవారు.

గీతలు ఎక్కువగా ఉన్న అక్షరాలను తేలిక చేశారు. 1956లో తేలిక అక్షరాల పట్టిక వచ్చింది. 1958లో పిన్‌యిన్ వచ్చింది. పిన్‌యిన్ అంటే ఏమిటి? చైనా మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతి. దాని సాయంతో పిల్లలు ముందు పలకడం నేర్చుకుంటారు. తరవాత బొమ్మల అక్షరాలు నేర్చుకుంటారు. ఈ పద్ధతి తయారు చేసినవాళ్ళలో ముఖ్యుడు జౌ యౌగ్వాంగ్. ఆయన అసలు డబ్బు, వ్యాపారాల శాస్త్రం చదివినవాడు. అక్షరాల పనిలో చేరేటప్పటికి ఆయన వయసు 49 ఏళ్ళు. "ఈ వయసులో నాకు ఇదెందుకు?" అనుకోలేదు. 111 ఏళ్ళు బతికి, 2017లో చనిపోయాడు.

చదువు వచ్చినట్టు ఎప్పుడు లెక్క? 1988లో చైనా ప్రభుత్వం దానికి ఒక కొలత పెట్టింది. రైతులకు 1,500 అక్షరాలు రావాలి. పట్నంలో పని చేసేవాళ్ళకు 2,000 రావాలి. మన అక్షరమాల చూసి బెదిరినవాళ్ళు ఈ లెక్క వినండి!

2020 జనాభా లెక్కల్లో చైనాలో చదువు రానివాళ్ళు నూటికి ముగ్గురి కంటే తక్కువ. ఆ మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చాలా దేశాల్లో చదువు ఆడవాళ్ళ దగ్గరికి ఆలస్యంగానే వచ్చింది. కాబట్టి వచ్చినదాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి.

నీళ్ళ కింద రాత

హెస్లర్ 1998లో ఫూలింగ్ వదిలి వెళ్ళాడు. ఆ ఊరి గురించి పుస్తకం రాశాడు. 2001లో అచ్చయింది. పేరు రివర్ టౌన్. అంటే నది ఊరు అని. ఎన్నో దేశాలవాళ్ళు దాన్ని చదివారు. ఫూలింగ్ పేరు అలా లోకానికి తెలిసింది. తన విద్యార్థులను అతను మరిచిపోలేదు. ఎన్నో ఏళ్ళ పాటు వాళ్ళతో ఉత్తరాలు నడిపాడు. 2019లో మళ్ళీ అదే ప్రాంతానికి వచ్చి, చెంగ్‌దూలో రెండేళ్ళు చదువు చెప్పాడు.

పీస్ కోర్ పని చైనాలో 2020లో ఆగిపోయింది. 1993 నుంచి అప్పటి వరకు 1,300 మందికి పైగా వచ్చి పని చేశారు. రెండు ప్రభుత్వాల మధ్య స్నేహం పెరుగుతుంది, తగ్గుతుంది. కాని పల్లె బడిలో పిల్లవాడు నేర్చుకున్న చదువును ఎవరు వెనక్కి తీసుకోగలరు?

ఫూలింగ్ దగ్గర నదిలో ఒక పొడవాటి రాతి గుట్ట ఉంది. దాన్ని తెల్లకొంగ గుట్ట అంటారు. చలికాలంలో నీరు బాగా తగ్గితే అది బయటపడేది. దాని మీద చేపలు చెక్కి ఉన్నాయి. పక్కన అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ ఏడాది నీరు ఎంత తగ్గిందో పన్నెండు వందల ఏళ్ళ పాటు మనుషులు అక్కడ రాసి పెట్టారు. రాతి చేపలు బయటికి కనిపిస్తే ఆ ఏడు పంట బాగుంటుందని రైతులు నమ్మేవారు.

తరవాత యాంగ్జీ మీద త్రీ గోర్జెస్ అనే పెద్ద ఆనకట్ట కట్టారు. 2003లో నీరు నింపడం మొదలైంది. నది ఎత్తు పెరిగింది. నది ఒడ్డు ఊళ్ళ నుంచి పది లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. తెల్లకొంగ గుట్ట నీళ్ళ కిందికి పోయింది. కాని అక్షరాలను పోనివ్వలేదు. గుట్ట చుట్టూ గోడ కట్టారు. నది అడుగున మ్యూజియం కట్టి 2009లో తెరిచారు. ఇప్పుడు జనం నీళ్ళ కిందికి దిగి, అద్దాల గుండా ఆ రాతను చూస్తారు.

నోటి మాట గాలిలో కలిసిపోతుంది. రాసిన మాట నిలుస్తుంది. మన మాట కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా!

మన సంగతి

ఇక మన సంగతికి వద్దాం. మన పల్లెల నుంచి ఆడవాళ్ళు పని కోసం హైదరాబాదు పోతున్నారు. కడప నుంచి, కోనసీమ నుంచి కువైటు పోతున్నారు. అక్కడ బోర్డుల మీద అరబ్బీ అక్షరాలు. కొత్త ఊరు, కొత్త అక్షరం. మీ కూతుళ్ళు చదువుకుని రేపు ఇంకా దూరం పోవచ్చు. ఎవరు కొత్త చోటికి పోయినా మొదటి రోజు చదువు రానివాళ్ళే. అందులో సిగ్గు లేదు. అడగాలి. వినాలి. ఒక్కొక్క అక్షరం పట్టుకోవాలి.

అయితే ఒక్క సంగతి జాగ్రత్త. వచ్చిన అక్షరం వాడకపోతే పోతుంది. కొడవలి వాడకపోతే తుప్పు పట్టినట్టే. ప్రాథమిక పుస్తకం పూర్తి చేశాక ఆరు నెలలు పుస్తకం ముట్టకపోతే మళ్ళీ వేలిముద్రకే వస్తాం. అందుకే రోజూ ఏదో ఒకటి చదవండి. బస్సు బోర్డు చదవండి. రేషను సంచి మీద రాత చదవండి. మందు సీసా మీద తేదీ చదవండి. పొదుపు సంఘం పుస్తకంలో మీ అంకెలు మీరే సరి చూడండి. ఎవరైనా కాగితం మీద సంతకం చేయమంటే, "ఆగు నాయనా, చదివి పెడతాను" అనండి. ఆ ఒక్క మాట కోసమే మనం ఇన్ని రాత్రులు దీపం దగ్గర కూర్చున్నాం.

ఇంకొక మాట. చదువు వచ్చినవాళ్ళు ఇంకొకరికి చెప్పండి. దానికి చైనా పోనక్కరలేదు. పక్కింటి గడప దాటితే చాలు. నేర్పేటప్పుడు వాళ్ళ దగ్గర కూడా ఏదో ఒకటి నేర్చుకోండి. ఇంగ్లీషు చెప్పడానికి పోయిన హెస్లర్ చైనా భాష నేర్చుకున్నాడు. అందుకే ఆ ఊరు అతన్ని తనవాడు అనుకుంది.

పొద్దుపోయింది. పొద్దున్నే లేవాలి. ఇక సెలవు తీసుకుంటాను.

మాట్లాడుకుందాం

1. చదువుకున్న మనిషి ఫూలింగ్‌లో ఎందుకు చదవలేకపోయాడు?

2. "తప్పు" అని ఎవరైనా అంటే మీకు ఎలా ఉంటుంది? అప్పుడు మీరు ఏం చేశారు?

3. మీరు మొదటిసారి సొంతంగా చదివిన బోర్డు ఏది? దాన్ని రాసి చూపండి.

4. మీ వీధిలో చదువు రాని అక్క ఎవరు? ఆమెను రేపు బడికి ఎలా తీసుకువస్తారు?